మేస్త్రి ఇంటికి బొమ్మ ఇటుకలు

చేతిలో ఐదువందల రూపాయలు. ఇంట్లో రెండున్నరేళ్ల కూతురు. సంక్రాంతికి ఊరొచ్చిన బేల్దారి మేస్త్రి మళ్లీ హైదరాబాద్ బస్సెక్కడానికి మిగిలింది రెండంటే రెండు రోజులు. ఈలోగా ఆయన కొనాల్సినవి... ఇటుకలు! రోజూ తాపీ పట్టుకుని వందల లెక్కన పేర్చే ఇటుకలు కాదు. ఒకదాని మీద ఒకటి టక్కున ఇరుక్కునే ప్లాస్టిక్ ఇటుకలు.

'ఏందయ్యా, ఇటుకలకు డబ్బులు పెడతావా? మన గోడ పక్కన పడున్నాయి గదా ఎన్ని కావాలంటే అన్ని' అని భార్య నవ్వింది. ఆమె నవ్విందని ఆయనా నవ్వాడు గానీ మనసులో మాట మాత్రం మార్చుకోలేదు. హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్‌లో టైల్స్ పని చేస్తున్నప్పుడు, ఆ ఇంటి పిల్లాడు నేల మీద బోర్లా పడుకుని రంగురంగుల ముక్కలతో మేడ కడుతుంటే చూశాడట. పక్కనే నిలబడి గోడకు మట్టం చూసుకుంటున్న మేస్త్రికి ఆ చిన్న మేడలో ఓ తప్పు కనిపించింది. అతుకు మీద అతుకు వేశాడు పిల్లాడు. 'అట్టా కాదు నాయనా, కింద రెండు ముక్కల అతుకు మీద పై ముక్క నడుం రావాల' అని చెబితే, ఆ పిల్లాడు మేడ పడగొట్టి మళ్లీ కట్టాడట. డబ్బా ఖరీదు ఎంతని ఆ ఇంటావిణ్ని అడిగాక మేస్త్రి మరి మాట్లాడలేదు. అది ఆయన వారం కూలి!

అర్ధవీడు నల్లమల అంచున ఉన్న మండల కేంద్రం. ఒక పక్క అడవి, చెంచుగూడేలు. ఇంకో పక్క బోర్ల మీదా వాన మీదా ఆశ పెట్టుకున్న పొలాలు. ఈ మండలంలోని కాకర్ల త్యాగరాజస్వామి పూర్వీకుల ఊరని చెప్పుకుంటారు, ఆయన ఇంటిపేరు కాకర్ల కాబట్టి. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కట్టల్లో ఒకటి ఆ కాకర్ల దగ్గరే, రెండు కొండల మధ్య సందులో లేచింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఇదంతా కర్నూలు జిల్లా. అందుకే మాటలో ఇప్పటికీ ఆ యాస. షాపును 'అంగడి' అనే అంటారు, నాయనమ్మను 'అవ్వా' అని పిలుస్తారు.

వానలు మొహం చాటేసిన ఏడు పడమటి ప్రకాశంలో చాలా ఇళ్ల నుంచి మగవాళ్లు, ఒక్కోసారి ఆలుమగలిద్దరూ బేల్దారి పనికి పోతారు. హైదరాబాద్, బెంగళూరు, గుంటూరు... ఎక్కడ కట్టడం లేస్తే అక్కడికి. పిల్లలు అవ్వ దగ్గర. పండక్కి వచ్చినప్పుడు నాన్న తెచ్చేదేమిటన్నది ఆ ఇళ్లలో చిన్న విషయం కాదు. పోయిన సంక్రాంతికి ఈ మేస్త్రి తెచ్చిన కీ ఇచ్చే కారు కనుమ నాటికే మూలపడింది. ఈసారి కొనేది మూణ్నాలుగేళ్లయినా ఇంట్లో ఉండాలన్నది ఆయన పట్టుదల.

టార్చిలైటు సెల్లు లెక్క

బయల్దేరే ముందు అంగన్‌వాడీ టీచరు ఎదురై ఒక మాట చెప్పింది. 'ఏదన్నా కొనుక్కో అన్నా, నోట్లో పట్టే ముక్కలు మాత్రం తేవద్దు'.

ఈ ఒక్క మాటకీ పెద్ద లెక్కుంది. బొమ్మల భద్రత పరీక్షల్లో ఒక చిన్న గొట్టం వాడతారు. దాని లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. లోతు ఒకవైపు 25 మిల్లీమీటర్లు, ఏటవాలుగా పోయి రెండోవైపు 57. బొమ్మలో ఏ ముక్కయినా నొక్కకుండానే అందులో పూర్తిగా దిగిపోయిందంటే, అది మూడేళ్లలోపు పిల్లలకు పనికిరాదు. మింగబోయి గొంతులో ఇరికించుకోవచ్చని. ఆ గొట్టం మన ఇళ్లలో ఉండదు. కానీ పాత టార్చిలైటులో వేసే పెద్ద సెల్లు ఉంటుంది. దాని మందం సుమారు 34 మిల్లీమీటర్లు. గొట్టం కన్నా పిసరంత ఎక్కువే. కాబట్టి సెల్లు పక్కన పెట్టి చూస్తే, ముక్క దానికన్నా సన్నగా, పొట్టిగా ఉంటే అది చిన్నపిల్లల బొమ్మ కాదన్నమాట. రాత్రిపూట పొలానికి నీళ్లు కట్టబోయే ఇళ్లలో ఆ సెల్లు దొరక్కపోదు. మేస్త్రి వాళ్లమ్మ టార్చిలోంచి ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు.

పట్నంలో అయితే ఇదంతా అతిజాగ్రత్త అనిపించొచ్చు. అర్ధవీడు నుంచి చూస్తే అలా అనిపించదు. ఒంగోలు పెద్దాసుపత్రి వంద కిలోమీటర్ల పైమాట. గొంతులో ముక్క ఇరుక్కున్న పిల్లకు ఉండేది నిమిషాలే.

కంభం మీదుగా...

బొమ్మల కోసమే వెతుక్కోవాలంటే కంభమో, మార్కాపురమో పోవాల్సిందే. కంభం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది చెరువు. కొండల మధ్య సందును ఒక కట్టతో మూసేసి గుండ్లకమ్మను నిలబెట్టిన చెరువది. విజయనగర రాజుల కాలం నాటిది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని జనం చెప్పుకుంటారు. కట్ట ఎత్తు 57 అడుగులని బ్రిటిష్ కాలపు గెజిటీర్ రాసుకుంది. 2020లో అంతర్జాతీయ సాగునీటి, పారుదల సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఇదేమీ తెలియనక్కర్లేదు. వానాకాలంలో వీధి కాలువకు అడ్డంగా మట్టికట్ట వేసి 'కంభం చెరువు' అంటారు, అంతే. తడి ఇసుకలో పాదం దూర్చి పిచ్చుకగూళ్లు కట్టడం, రాళ్లు పేర్చి బొమ్మరిల్లు కట్టడం... డబ్బా కొనని రోజుల్లోనూ ఈ ప్రాంతపు పిల్లలు ఏదో ఒకటి కడుతూనే ఉన్నారు.

కంభంలో మొదటి ఫ్యాన్సీ అంగట్లో దొరికింది పాలిథిన్ సంచిలో కట్టిన సెట్టు. '120 పీసులు' అని పెద్ద అక్షరాలు, రేటు చూస్తే నూటయాభై. బాగానే ఉందే అనిపిస్తుంది. మేస్త్రి సంచి మీంచే సెల్లు ఆనించి చూశాడు. ముక్కలన్నీ గోరంత! సగం పైగా చక్రాలు, కిటికీలు, జెండాలు, బొమ్మ తలకాయలు. 'పెద్దపిల్లలైతే ఇవి బాగా కొంటారన్నా' అన్నాడు అంగడతను. నిజమే, ఏడెనిమిదేళ్ల వాళ్లకైతే సరిపోయేవే. పీసుల లెక్క చూసి మోసపోవడం ఇక్కడే జరుగుతుంది. పసిపిల్లలు కట్టడానికి కావాల్సింది రకాలు కాదు, ఒకే కొలతవి ఎక్కువ ఉండటం. గోడ కట్టేవాడికి ఇటుకలు చాలా కావాలి, తలుపులు ఒకటీ రెండూ చాలు.

రెండో చోట అయస్కాంతం ముక్కల డబ్బా చూపించారు. ఒకదానికొకటి అతుక్కుంటుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ నాసిరకం వాటిల్లో ప్లాస్టిక్ పగిలి లోపలి అయస్కాంతాలు బయటికొస్తే, రెండు మింగిన పిల్ల కడుపులో అవి పేగును మధ్యలో పెట్టుకుని అతుక్కుంటాయి. ఆపరేషన్ దాకా పోయే వ్యవహారం. మేస్త్రి ఆ డబ్బాను మర్యాదగా వెనక్కిచ్చాడు.

అసలు ఇటుక ఎక్కడిది?

ఈ బొమ్మ ఇటుక పుట్టిల్లు డెన్మార్క్. బిలుండ్ అనే చిన్న ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. 'బాగా ఆడుకో' అనే అర్థమొచ్చే డేనిష్ మాటల్ని కుదించి కంపెనీకి 'లెగో' అని పేరు పెట్టాడు. 1949లో ప్లాస్టిక్ ఇటుకలొచ్చాయి. అంతకుముందే ఇంగ్లండులో హిల్లరీ పేజ్ అనే ఆయన చేసిన ఇటుకల్ని చూసి మెరుగుపెట్టినవే అవి. పైన బొడిపెలు, లోపల గొట్టాలు పెట్టి గట్టిగా పట్టుకునేలా చేసిన ఇప్పటి ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు వేశారు. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఆరుంటే చాలట, వాటిని 91 కోట్ల 51 లక్షల పైచిలుకు తీర్లలో కలపొచ్చని గణితవేత్తలు లెక్కగట్టారు. ఆరే ఇటుకలు! తక్కువ డబ్బున్నవాడికి ఇంతకన్నా ఊరటనిచ్చే లెక్క ఇంకోటి లేదు.

బేల్దారి మేస్త్రి కంటితో చూస్తే ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ ఎనిమిది బొడిపెల ముక్క పొడవు దాదాపు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 16. అంటే పొడవులో సగం వెడల్పు. మన పాత ఇటుక తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు. అదే లెక్క! అడ్డంగా రెండు పెడితే నిలువు ఒకటవుతుంది కాబట్టే గోడలో వరసలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పిల్లల కోసం 1969లో వచ్చిన డ్యూప్లో ముక్క ఈ కొలతలన్నిటికీ సరిగ్గా రెట్టింపు. చిన్నవాటితో కలిసిపోతుంది కూడా. ఈ రోజు పెద్దముక్కలు కొన్నవాళ్లు రేపు చిన్నవి కొన్నా, పాతవి పారెయ్యక్కర్లేదన్నమాట.

మరి అంత రేటెందుకు? అచ్చు తయారీలో వెంట్రుకవాసి తేడా కూడా రానివ్వకపోవడం ఒకటి. ఎక్కడ ఏ ఏడు కొన్న ముక్కయినా మరోదానికి సరిపోవాలి కదా. పైగా విదేశీ బొమ్మల మీద మన దేశంలో కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. అయితే అసలు పేటెంటుకు ఎప్పుడో కాలం చెల్లింది. బొడిపెల ఇటుక ఆకారం ఒక్క కంపెనీ సొత్తు కాదని 2005లో కెనడా సుప్రీంకోర్టు తేల్చింది. 2010లో ఐరోపా న్యాయస్థానమూ అలాంటి తీర్పే ఇచ్చింది. అందుకే ఇప్పుడు ఢిల్లీలోనో గుజరాత్‌లోనో తయారైన ఇటుకలు కూడా ఇక్కడి అంగళ్లకు వస్తున్నాయి. పేరున్న డబ్బా కొనలేకపోయామని చిన్నబుచ్చుకోవాల్సిన పనేం లేదు. చూసుకోవాల్సింది డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు. 2021 జనవరి 1 నుంచి మనదేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. నమోదు చేసుకున్న హస్తకళాకారులకు, ఏటికొప్పాక లక్కబొమ్మల్లా భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. తిరునాళ్లలో గుట్టగా పోసి అమ్మే ప్లాస్టిక్‌కు ఆ గుర్తు వెతికినా కనపడదు.

పలకల ఊళ్లో...

మధ్యాహ్నానికి మేస్త్రి మార్కాపురం చేరాడు. తెలుగునాట ఒకప్పుడు పలక పట్టని పిల్లాడు లేడు. ఆ పలకల్లో చాలావాటికి పుట్టిల్లు ఈ ఊరే. ఇక్కడి భూమిలో పొరలుపొరలుగా దొరికే రాయిని చీల్చి, చదును చేసి, చుట్టూ కొయ్యచట్రం బిగించి దేశమంతా పంపారు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. తర్వాత అదే రాయి గోడలకు అతికించే డిజైన్ పలకలై విదేశాలకు వెళ్లింది. రాయి పొడి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న కూలీల కథ వేరే ఉంది. పలక ఫ్యాక్టరీల పక్కన తుక్కుగుట్టల మీద ఆడుకుని పెరిగిన తరం ఒకటుంది ఈ ప్రాంతంలో. పలక ముక్కలతో వాళ్లు కట్టిన ఇళ్లకు సిమెంటూ అక్కర్లేదు, బొడిపెలూ అక్కర్లేదు. అప్పుడప్పుడు వేళ్లు తెగేవి, అంతే.

మార్కాపురంలో మూడో అంగడిలో దొరికింది సరుకు. మూతున్న ప్లాస్టిక్ డబ్బా, లోపల పెద్ద ముక్కలు 36. పైన ఐఎస్ఐ గుర్తు, తయారీదారు చిరునామా ఉన్నాయి. సెల్లు పక్కన పెడితే చిన్నముక్క కూడా దానికన్నా లావుగానే ఉంది. మేస్త్రి అంతటితో ఊరుకోలేదు. అంగడతని అనుమతి అడిగి రెండు ముక్కలు బిగించి, పైదాన్ని పట్టుకుని ఎత్తాడు. కిందది జారలేదు. తర్వాత చిటికెన వేలితోనే ఊడదీశాడు. నాసిరకం ఇటుకల్లో ఈ రెండిట్లో ఏదో ఒకటి తప్పుతుంది. వదులైతే మేడ నిలవదు, పిల్ల విసుక్కుంటుంది. బిగుతైతే పసివేళ్లకు ఊడిరాదు, నోటితో లాగుతుంది. అంచుల మీద వేలు నడిపి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఘాటు లేదు.

'ఇంత పరీక్ష పెట్టినవాణ్ని చూళ్లేదన్నా' అని అంగడతను నవ్వి, మూడువందల ఇరవై చెప్పింది రెండువందల తొంభైకి ఇచ్చాడు. ఫోన్‌లో ఆర్డరు పెడితే ఇంకో ముప్ఫయి తగ్గేదేమో. కానీ ఫొటోలో చెయ్యంత కనిపించిన ముక్క, పార్సిల్ విప్పితే చింతగింజంత ఉండటం అందరికీ అనుభవమే. అలా కొనేవాళ్లు ఫొటోని కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఇచ్చే మిల్లీమీటర్లను చూడాలి. అది రాయకపోతే ఆ జోలికి పోకపోవడమే మంచిది.

వేపచెక్క వాటా

36 ముక్కలతో గోడ ఎంత లేస్తుంది? మేస్త్రికి లెక్క వచ్చు కాబట్టి దారిలోనే తేల్చుకున్నాడు. మోకాలి ఎత్తు కూడా రాదు. బస్సు చార్జీలు పోను జేబులో మిగిలింది వంద చిల్లర. ఇంకో డబ్బా రాదు. ఊరు దిగాక నేరుగా వడ్రంగి దగ్గరికెళ్లాడు. 'చిన్నాయనా, తలుపు ద్వారబంధాలు చేసినప్పుడు మిగిలిన తుండ్లు ఏమన్నా ఉండాయా?' అని అడిగాడు. వేప, టేకు తుండ్లు పొయ్యి పక్కన కుప్పగా ఉన్నాయి.

ఈ పద్ధతికీ ఓ చరిత్రుంది. 1910లలో న్యూయార్క్‌లో కరోలిన్ ప్రాట్ అనే టీచరమ్మ, వడ్రంగం నేర్చిన మనిషి, బడి పిల్లల కోసం కొయ్య ఇటుకలు చేసింది. అయిదున్నర అంగుళాల పొడవు, అందులో సగం వెడల్పు, దానిలో సగం మందం. ఆ ఒక్క కొలతను సగానికి కోసినా, రెట్టింపు చేసినా అన్నీ ఒకదానికొకటి సరిపోతాయి. దానికి ఆమె పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా కోసుకోవచ్చు. ప్రపంచంలో ఎన్నో పిల్లల బళ్లలో ఇప్పటికీ ఆ కొలతే నడుస్తోంది.

అర్ధవీడు వడ్రంగికి ఆమె పేరు తెలియాల్సిన అవసరం లేకపోయింది. మేస్త్రి బెత్తెడు చూపించి 'ఇంత పొడుగు, ఇందులో సగం ఎడల్పు, అందులో సగం మందం' అన్నాడు. అరపూటలో ఇరవై తుండ్లు తయారు. చిత్రిక పట్టి, అంచులు గుండ్రం చేసి, పెచ్చులు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో రుద్దేసరికి చెయ్యి ఆనిస్తే జారిపోతున్నాయి. రంగు వేద్దామా అన్నాడు వడ్రంగి. వద్దన్నాడు మేస్త్రి. పెయింటింగ్ పని చేసే స్నేహితుడి దగ్గర విన్న మాటే కారణం. మనదేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 భాగాలకు మించకూడదన్న నిబంధన అమల్లోకొచ్చింది 2017 నవంబరులో. మూల పడున్న పాత డబ్బా ఏనాటిదో ఎవరికి తెలుసు? ఉత్త చెక్కే మేలు. 'వేపది నోట్లో పెట్టుకుంటే చేదుకి తనే ఊసేస్తుందిలే' అని అవ్వ తేల్చేసింది.

డబ్బులిస్తే వడ్రంగి తీసుకోలేదు. పొయ్యిలోకి పోయే తుండ్లకు రేటేముంది, టీ తాగించు చాలన్నాడు.

పిల్ల మొదటి రోజు కట్టిందేమీ లేదు. డబ్బా బోర్లించి పోయడం, మళ్లీ నింపడం. మేస్త్రి కాస్త నిరుత్సాహపడ్డ మాట నిజం. ఈ వయసులో అదే ఆట అని అంగన్‌వాడీ టీచరు చెప్పాక ఊరుకున్నాడు. రెండో రోజు రంగుల ముక్కలు మూడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టింది. నాలుగోది పెట్టబోతే పడిపోయింది. నాన్న పక్కన కూర్చుని కింద రెండు, వాటి అతుకు మీద ఒకటి పెట్టి చూపించాడు. పిల్ల దాన్ని ఒక్క తన్ను తన్నింది. ఆయన మళ్లీ పెట్టాడు. మళ్లీ తన్నింది. నాలుగైదుసార్లయ్యాక తన్నలేదు. పైన తనే ఒక వేపతుండు పెట్టింది. ప్లాస్టిక్‌కు కొయ్యకు పొత్తు కుదరదు కాబట్టి అది కొంచెం పక్కకు ఒరిగింది గానీ పడలేదు.

ఆ రాత్రి మేస్త్రి బస్సెక్కాడు. ఇప్పుడు రోజూ దీపాలు పెట్టేవేళకు ముక్కలు లెక్కపెట్టి డబ్బాలో వెయ్యడం అవ్వ పని. రంగువి 36, కొయ్యవి 20. హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తే పిల్ల మాట్లాడేది తక్కువ. ఏం కట్టిందో అవ్వే చెబుతుంది. మొన్న ఓ రోజు లెక్కలో రంగు ముక్కొకటి తగ్గింది. మంచం కింద వెతికారు, బియ్యం డబ్బాలో చూశారు. తెల్లారి కోళ్లగంప ఎత్తితే, గుడ్ల పక్కన ఎర్ర ఇటుక కనిపించింది.